గోస్తని పొదుగు దగ్గర నేను చేసిన తప్పు



కార్తీకమాసం కదా, పోయిన ఆదివారం ఫ్రెండ్స్ అందరం విశాఖ నుంచి తాటిపూడికి వనభోజనాలకి వెళ్లాం. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, గోస్తనీ నది మీద 1963-68 మధ్య కట్టిన రిజర్వాయర్ అది. చుట్టూ కొండలు, మధ్యలో నిండుగా నీళ్లు. ఉసిరి చెట్టు కింద భోజనం, బోటు షికారు, రీల్స్, అన్నీ అయ్యాయి. చీకటి పడుతుంటే దీపాలు వదులుదామన్నాం. అరటి డొప్పలు తేవడం మర్చిపోయాం. నేనే థర్మాకోల్ ప్లేట్లలో పెట్టి వదిలాను. ఫొటో మాత్రం అదిరింది.

ఒడ్డున కూర్చున్న ఓ పెద్దాయన అన్నాడు: "బాబూ, దీపం కాసేపటికి కొండెక్కిపోద్ది. ఆ పళ్లెం ఏటవుద్ది? ఈ నీళ్లే కదా మీ ఊరు ఎల్తాయి?"

నిజమే. తాటిపూడి నీళ్లు ఇక్కడి పొలాలకే కాదు, విశాఖకి తాగునీరుగా కూడా వెళ్తాయి. ఉదయం నేను ఆచమనం చేసిన నీళ్లలో అవీ ఉండొచ్చు.

గోస్తని అంటే ఆవు పొదుగు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. బొర్రా గుహలో పొదుగులా ఉన్న రాతి నుంచి నీటి చుక్కలు రాలతాయని, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు. పాలు పితికేవాళ్లు ముందు పొదుగు కడుగుతారు. దూడకి వాటా వదులుతారు. ఆవుకి మేత వేస్తారు. నేను పాలు తాగి, పొదుగు మీదే చెత్త వేశాను.

గీత మూడో అధ్యాయంలో కృష్ణ పరమాత్మ ఇదే చెప్తాడు: దేవతలు ఇచ్చింది అనుభవించి, తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగ. ఇన్నాళ్లూ ఆ మాట వేరే ఎవరి గురించో అనుకున్నాను.

మరి దీపం వదలడం తప్పా? కాదు. షికారూ తప్పు కాదు, ఆనందం కూడా ప్రసాదమే. కానీ ప్రసాదం తిన్న చోట విస్తరి వదిలేసి రాకూడదు.

ఆ రోజు నీళ్లలోకి దిగి చేతికందిన నాలుగు ప్లేట్లు తీశాను. మిగతావి గాలికి లోపలికి వెళ్లిపోయాయి. అవి నా లెక్కలోనే ఉన్నాయి.

వచ్చే సోమవారం దీపం పెట్టేవాళ్లు అరటి డొప్ప తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు ఒక సంచి చెత్త ఏరుకురండి. అది కూడా అభిషేకమే.

ఓం నమః శివాయ.