తులాధారుడి కాంటా: పక్క వీధిలో వాళ్ళ చర్చి, పరాయి ఊళ్ళో మన గుడి

ఈ వారం వీడియోలో మహాభారతం శాంతిపర్వం నుంచి తులాధారుడి కథ చెప్పాను కదా. ఆ కథ నాకు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో చెప్పడానికి వీడియోలో టైమ్ సరిపోలేదు. అది ఇక్కడ రాస్తున్నాను. కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది మనలో చాలామందికి రేపో మాపో ఎదురయ్యే విషయమే.

మా ఊరు ముప్కాల్. నిజామాబాద్ జిల్లాలో, బాల్కొండ పక్కన, హైవే మీదే ఉంటుంది. పసుపు ఉడకబెట్టి కల్లాల్లో ఆరబోసే రోజుల్లో వెళ్తే ఊరంతా ఒకటే వాసన. మొన్న అలాంటప్పుడే వెళ్ళాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బాబాయి కొడుకు కూడా వచ్చాడు. సాయంత్రం కల్లం దగ్గర కూర్చున్నప్పుడు వాడు ఫోన్ తీసి ఒక కాగితం చూపించాడు.

"అన్నా, మా కాలనీ ఎనకాల పెద్ద చర్చి కడ్తరంట. అసోసియేషనోళ్లు సంతకాలు తీస్కుంటున్నరు. నేను గూడ పెట్టాల్నా?"

"కాయితంల ఏం రాసిన్రు?"

"ట్రాఫిక్ అయితది, పార్కింగ్ లేదు, సౌండ్ వస్తది, డ్రైనేజీ సాలదు అని."

"అవన్నీ నిజమేనా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "రోడ్డు ఇరుకున్నది నిజమే అన్నా. మిగతాయి ఏమో... ప్లాన్ ఎవ్వరు జూడలే. గ్రూపుల మాట్లాడుకునేది వేరే, కాయితంల రాసింది వేరే."

పక్కనే పసుపు కొమ్ములు కలబెడుతున్న మా పెదనాన్న ఇదంతా వింటున్నాడు. తల ఎత్తకుండానే ఒక మాటన్నాడు. "యార్డుల బస్తా కాంటా మీద పెట్టినంక, నువ్వు ఎవ్వరి కొడుకువని కాంటా అడగదు బిడ్డా. అడిగిందంటే అది కాంటా కాదు."

ఆ మాట వినగానే నాకు తులాధారుడు గుర్తొచ్చాడు.

వీడియో చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. జాజలి అని ఒక తపస్వి. అడవిలో కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పిట్టలు గూడు కట్టాయి, గుడ్లు పెట్టాయి, పిల్లలు పెద్దవై ఎగిరిపోయాయి. అప్పటిదాకా ఆయన కదల్లేదు. అంత గొప్ప ఓర్పు! కానీ చివర్లో "నేను ధర్మాన్ని సాధించాను" అని పొంగిపోయాడు. ఆకాశం నుంచి ఒక వాణి వినిపించింది, నువ్వు వారణాసిలో ఉన్న తులాధారుడికి సాటి రావు అని. ఎవరా మహానుభావుడు అని వెతుక్కుంటూ పోతే, ఆయన ఋషి కాదు, రాజు కాదు. అంగట్లో సరుకులు అమ్ముకునే వ్యాపారి. ఆయన చెప్పిన సాధన ఏంటంటే, నా త్రాసు అందరికీ ఒక్కటే, నేను ఎవరికీ కీడు తలపెట్టను. అంతే.

భీష్ముడు అంపశయ్య మీద ఉండి ధర్మరాజుకి ఈ కథ ఎందుకు చెప్పాడో ఒక్కసారి ఆలోచించండి. తపస్సు చెయ్యడం కష్టమే. కానీ నచ్చినవాడికీ నచ్చనివాడికీ ఒకే తూకం వెయ్యడం అంతకంటే కష్టం.

ఇప్పుడు ఈ కాంటాను పట్టుకుని మూడు ఊళ్ళకు వెళ్దాం.

మొదటిది ఇంగ్లండ్. లండన్‌కి దగ్గర్లో లెచ్‌మోర్ హీత్ అని చిన్న పల్లెటూరు. అక్కడ బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ 1973లో ఇస్కాన్‌కి ఒక పెద్ద బంగ్లా ఇచ్చాడు. అదే భక్తివేదాంత మేనర్. కృష్ణాష్టమికి వేల మంది రావడం మొదలైంది. ఊరి సన్నటి రోడ్ల నిండా కార్లే. ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఆ భవనాన్ని జనం వచ్చి పూజలు చేసుకునే చోటుగా వాడకూడదని అక్కడి కౌన్సిల్ నోటీసులిచ్చింది. భక్తులు యూరప్ మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళారు. 1994లో అక్కడా చుక్కెదురైంది. అదే ఏడాది వేలాది హిందువులు లండన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. చివరికి 1996లో అనుమతి వచ్చింది. ఎలా వచ్చింది? ఊరి మధ్యలోంచి కాకుండా గుడికి వేరే దారి వేసుకుంటామనే పరిష్కారంతో. ఆ దారి పేరేంటో తెలుసా? ధరమ్ మార్గ్. ఈరోజుకీ ఆ గుడి అడ్రస్ అదే.

ఈ కథ వింటే మన మనసు ఎవరి వైపు వెళ్తుంది? "పాపం, మన కృష్ణుణ్ణి పూజించుకోవడానికి ఇన్ని తిప్పలా" అనిపిస్తుంది. నాకూ అంతే. కానీ ఇంకో సంగతి కూడా చూడాలి. ఆ ఊరివాళ్ళ కార్ల బాధ అబద్ధం కాదు. భక్తుల హక్కూ అబద్ధం కాదు. రెండూ నిజమే అని ఒప్పుకున్నాకే దారి దొరికింది.

రెండో ఊరు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో నైవాట్. అక్కడ రాకీ మౌంటెన్ క్రిస్టియన్ చర్చ్ అనే పెద్ద చర్చి ఉంది. తన భవనాలను ఇంకా పెంచుకుంటామని 2004లో అప్లై చేసింది. అది వ్యవసాయ జోన్, ఇంత పెద్ద కట్టడం ఇక్కడ కుదరదని బౌల్డర్ కౌంటీ 2006లో కాదన్నది. పచ్చని పొలాలు కాపాడాలనుకోవడం తప్పా? కాదు. కానీ కోర్టులో ఒక సంగతి బయటపడింది. అదే కౌంటీ, అలాంటి చోటే, ఒక ప్రైవేటు స్కూలు భవనాలు పెంచుకోవడానికి మాత్రం ఒప్పుకుంది. 2008లో జ్యూరీ చర్చి వైపు తీర్పు చెప్పింది. 2010లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. అక్కడ 2000లో వచ్చిన ఒక ఫెడరల్ చట్టం ఉంది. ప్రార్థనా స్థలాన్ని మతేతర సంస్థ కంటే తక్కువగా చూడకూడదు అంటుంది. ఆ చట్టం చర్చికి ఎంతో, అక్కడ మనవాళ్ళు కట్టుకునే బాలాజీ గుడికీ అంతే. అర్థమైందా? నిబంధన ఉండటం తప్పు కాదు. స్కూలుకి ఒక కాంటా, చర్చికి ఒక కాంటా పెట్టడం తప్పు.

మూడో ఊరు మన పక్కనే, చెన్నై. కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘానికీ, అక్కడి చర్చ్ ఆఫ్ గాడ్ అనే చర్చికీ మధ్య కేసు. లౌడ్‌స్పీకర్లు, డ్రమ్స్ చప్పుడు భరించలేకపోతున్నామని కాలనీవాళ్ళు ఫిర్యాదు చేశారు. 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు కాలనీ వైపే నిలబడింది. ఇరుగుపొరుగు శాంతిని చెడగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పలేదు అన్నది దాని సారాంశం. ఇక్కడ సంతకాలు పెట్టినవాళ్ళ బాధ న్యాయమైనది. కోర్టు ప్రార్థన ఆపమనలేదు, చప్పుడు తగ్గించమంది.

ఆ తీర్పు చదివి "చూశారా, చర్చికి బుద్ధి చెప్పారు" అని సంతోషపడితే మనం కథలో సగమే చదివినట్టు. కోర్టు అన్నది "ఏ మతమూ" అని. అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. అది చర్చికి వర్తిస్తే మన వినాయక మండపానికీ వర్తిస్తుంది. 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది, రోడ్ల మీద, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో కొత్తగా అనుమతి లేని ప్రార్థనా మందిరాలు రానివ్వకూడదని. అందులో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా అన్నీ ఉన్నాయి. కాంటా ఒక్కటే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద మేముండే వీధిలో వినాయకుడి మండపం రోడ్డుకి అడ్డంగా వేశాం. ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, మా ఆవిడకి ఒంట్లో బాలేదు, రాత్రి ఆటో కూడా లోపలికి రాదు, కాస్త జరపండి" అన్నాడు. నేనే ముందుండి ఆయనతో వాదించాను. "దేవుడి పనికి అడ్డొస్తారా?" అని గట్టిగా అన్నాను. ఆయన ఏం మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆయన కూడా రోజూ దీపం పెట్టే మనిషే. మండపం జరపలేదు. ఆ రోజు నా జడల్లో పిట్టలు గూడు కట్టి ఉండొచ్చు, చేతిలో మాత్రం కాంటా లేదు.

మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. "మరి మతమార్పిడుల సంగతేంటి?" అడగాల్సిన ప్రశ్నే. ఎక్కడైనా ఎవరినైనా బెదిరించి, మోసం చేసి మారిస్తే, ఆధారాలతో ఫిర్యాదు చెయ్యండి. పేరు పెట్టి, ధైర్యంగా చెయ్యండి. కానీ మనసులో ఆ భయం పెట్టుకుని, కాగితం మీద "పార్కింగ్ లేదు" అని రాయడం అసత్యం. ధర్మాన్ని కాపాడటానికి అబద్ధం మీద సంతకం చేస్తే, కాపాడబోయేదాన్నే పోగొట్టుకున్నట్టు. ఇంకో మాట. మన పిల్లలకి మన కథలు తెలియకపోతే, పక్క వీధిలో చర్చి లేకపోయినా వాళ్ళు దూరమవుతారు. అది ఏ కలెక్టర్ ఆపగలడు?

మా ఆర్మూర్ వైపు వాళ్ళకి "ఊరంతా ఒక్కటైతే" ఏమవుతుందో బాగా తెలుసు. గ్రామాభివృద్ధి కమిటీలు చందాలు పోగుచేసి గుళ్ళు బాగుచేసిన ఊళ్ళున్నాయి. అవే కమిటీలు కొన్నిచోట్ల కొన్ని కుటుంబాలను ఊరి నుంచి వెలివేశాయని వార్తలూ వచ్చాయి. అందరి సంతకాలు ఉన్నంత మాత్రాన కాగితం ధర్మం అయిపోదు.

మరి మా తమ్ముడు ఏం చేశాడు? ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. అలాగని ఊరుకోనూ లేదు. సొంతంగా ఒక పేజీ రాశాడు. బండ్లన్నీ చర్చి ఆవరణలోనే నిలపాలి, మెయిన్ రోడ్డు వైపు ఇంకో గేటు పెట్టాలి, స్పీకర్లు గోడల లోపలే ఉండాలి, వాన నీళ్ళు మా వీధిలోకి వదలొద్దు. కింద ఒక లైను కలిపాడు: "రేపు ఇక్కడ గుడి కట్టినా నేను ఇవే అడుగుతాను." ఆఫీసులో ఇచ్చి, ఒక కాపీ అసోసియేషన్‌కి, ఒక కాపీ ఆ పాస్టర్‌కి ఇచ్చాడు. గ్రూపులో ఇద్దరు ముగ్గురు వాడితో మాట్లాడటం మానేశారు. ఒకాయన "నువ్వసలు హిందువువేనా?" అని మెసేజ్ పెట్టాడు. పాస్టర్ మాత్రం ప్లాన్ చూపిస్తాను రమ్మన్నాడు. ఇంకా ఏదీ తేలలేదు.

ఆ మెసేజ్ చూపించి వాడు నన్ను అడిగాడు, "ఏం జవాబియ్యాలె అన్నా?" అని. తులాధారుడి కథ పంపమన్నాను.

ఈ వారం సాధన ఒక్కటే. దేనికైనా వ్యతిరేకంగా సంతకం పెట్టేముందు, కాగితంలో వాళ్ళ పేరు తీసేసి మన గుడి పేరు రాసి చదవండి. అప్పుడూ అది న్యాయం అనిపిస్తే ధైర్యంగా పెట్టండి. అనిపించకపోతే పెన్ను మూసెయ్యండి.

నేను కూడా ఆ పెద్దాయన ఇల్లు ఎక్కడో కనుక్కుంటున్నాను. ఈసారి చవితికి ముందే వెళ్ళి క్షమాపణ చెప్పాలి.

మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. అందరికీ శుభమస్తు.