మాండవ్యుడు గీసిన గీత

యమధర్మరాజుకే శాపం తగిలిన కథ మహాభారతం ఆదిపర్వంలో ఉంది. మాండవ్యుడనే ముని మౌనవ్రతంలో ఉండగా దొంగలు దోచిన సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాస్తారు. వెనకాలే వచ్చిన రాజభటులు ఎంత అడిగినా ముని నోరు విప్పడు. ఇంకేముంది, దొంగలతోపాటు ఆయననూ శూలానికి ఎక్కిస్తారు. తపశ్శక్తి వల్ల ప్రాణం పోదు. సంగతి తెలిసిన రాజు పరుగున వచ్చి దించబోతే శూలం ఊడి రాదు. మొదలు కోసేస్తారు, మొన ఒంట్లోనే ఉండిపోతుంది. అణిమాండవ్యుడన్న పేరు అలా వచ్చింది. ఆయన నేరుగా యముడి దగ్గరికి వెళ్ళి, నేనేం పాపం చేశానని నాకీ శిక్ష అని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లకు గుచ్చి ఆడుకున్నావు, ఇది దాని ఫలితం అంటాడు యముడు.

ఇక్కడ మునికి వచ్చిన కోపం నాకు భలే నచ్చుతుంది. నేను చేయలేదని బుకాయించడు, కనికరించమని వేడుకోడు. ఆ వయసులో చేసినదానికి ఇంత శిక్ష వేసిన నీదే తప్పు అని ధర్మదేవతకే తీర్పు చెబుతాడు. శూద్ర స్త్రీ కడుపున పుట్టమని శపిస్తాడు, అలా పుట్టినవాడే విదురుడు. (ఒక కులంలో పుట్టడమే శిక్షగా చెప్పడం మన పురాణాలకు పట్టిన జబ్బు. దాని సంగతి ఇంకోసారి.) అంతటితో ఊరుకోకుండా లోకానికి ఒక హద్దు కూడా పెట్టి పోతాడు. పద్నాలుగేళ్ళ లోపు చేసినది ఇకమీదట పాపం కింద లెక్క రాదు.

మా ఊళ్ళో తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయని పిల్లవాడంటూ ఉండేవాడు కాదు. రెక్క తెగితే దాన్ని పక్కన పడేసి ఇంకోదాన్ని పట్టేవాళ్ళం. యముడి లెక్కే నిలబడి ఉంటే మా వీధిలో ఇంటికో శూలం పాతాల్సి వచ్చేది.

అయితే పదిహేడేళ్ళవాడు ఒక ఆడపిల్ల మీద చేసే అత్యాచారం తూనీగ ఆట కాదు. 2012 డిసెంబర్ 16 రాత్రి ఢిల్లీ బస్సులో నిర్భయ మీద అత్యాచారం చేసిన ఆరుగురిలో ఒకడికి పద్దెనిమిది నిండడానికి కొన్ని నెలలే తక్కువ. ఆ కొన్ని నెలల పుణ్యమా అని అతనికి పడింది మూడేళ్ళ ప్రత్యేక గృహం. మిగిలినవాళ్ళలో నలుగురిని 2020లో ఉరి తీశారు. ఆ తేడా చూసి కడుపు రగలని మనిషిని నేను తప్పుపట్టను. 2015 డిసెంబర్ 20న అతను విడుదలయ్యాడు. సరిగ్గా రెండు రోజులకు రాజ్యసభ కొత్త బాల న్యాయ చట్టాన్ని ఆమోదించింది. ఘోర నేరం చేసిన పదహారు దాటిన పిల్లల్ని పెద్దవాళ్ళలాగా విచారించవచ్చని ఆ చట్టం దారి తెరిచింది. ఆ ఘటన తర్వాత ప్రభుత్వమే వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే వయసు తగ్గించవద్దని చెప్పింది. పార్లమెంటు స్థాయీ సంఘం కూడా ఈ మార్పు వద్దంది. ఆ రెండు నివేదికల మాటా ఆ రోజు చెల్లలేదు.

ఆ రోజుల్లోనే బయటికి వస్తున్న ఆ కుర్రాడికి పదివేల రూపాయలు, ఒక కుట్టుమిషను ఇస్తారన్న వార్త వచ్చింది. దేశం భగ్గుమంది. మూడేళ్ళు ఆ గృహంలో ఏం నేర్పారు, వాడిలో ఏమైనా మారిందా, ఇక మీదట ఎవరు కనిపెట్టి ఉంటారు అని మాత్రం గట్టిగా అడిగినవాళ్ళు తక్కువ. మన కోపమంతా కుట్టుమిషను మీదికి పోయింది.

మా కాలనీ పక్కన వారానికోసారి జరిగే అంగడిలో ఒకసారి ఫోన్ కొట్టేసిన పిల్లాణ్ణి పట్టుకున్నారు. పన్నెండో పదమూడో ఉంటాయి వాడికి. మోటారుసైకిల్ మీద సామాను బిగించుకునే రబ్బరు తాడుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. వచ్చినవాడల్లా ఒక దెబ్బ వేస్తున్నాడు. కూరల సంచి కింద పెట్టి, కొట్టి, మళ్ళీ సంచి ఎత్తుకుని పోయినవాళ్ళనీ చూశాను. ఫోన్ పోగొట్టుకున్నది కొత్తిమీర, పుదీనా అమ్ముకునే ఆమె. "నా ఫోన్ నాకు దొరికింది గదా, ఇడిసిపెట్టుండ్రి సారూ, పోరడు సస్తడు" అని ఆమె బతిమాలుతోంది. "నువ్వూరుకో అమ్మా, వీణ్ణి ఇవాళ వదిలితే రేపు గొంతులు కోస్తాడు" అని ఒక పెద్దమనిషి ఆమెనే కసిరాడు. నష్టపోయిన మనిషి కోపం చల్లారినా చూసేవాళ్ళ కోపం చల్లారలేదు. టీవీ ముందు కూర్చుని ఉరి వేయాలి అని అరిచేటప్పుడు మనలో ఉండే కోపం కూడా చాలాసార్లు ఈ రెండో రకందే.

నిర్భయ తల్లిది అది కాదు. ఆమె కూతురు పోయింది. ఆమెకు పిల్లల మనస్తత్వం గురించి పాఠం చెప్పే ధైర్యం నాకు లేదు, ఎవరికీ ఉండకూడదు. నేను అనగలిగింది ఒక్కటే. ఆమె దుఃఖాన్ని తీర్చే బాధ్యత చట్టం నెత్తిన పెడితే అది ఆ పనీ చేయలేదు, తన పనీ చేయలేదు. శిక్ష ఎంత పెంచినా ఆమెకు చాలదు, చాలాలని మనం ఆశించనూకూడదు. చట్టం చేయగలిగింది ఇంకో ఇంట్లో ఆ దుఃఖం రాకుండా చూడటం. అక్కడ ప్రశ్న మారిపోతుంది. వాడికి ఏం తగును అని అడగడం ఆపి, బయటికి వచ్చేటప్పటికి వాడు ఎలాంటివాడై ఉంటాడు అని అడగాల్సి వస్తుంది. ఎందుకంటే పిల్లలకు మరణశిక్ష కానీ, విడుదలకు వీల్లేని జీవిత ఖైదు కానీ వేయకూడదని ఆ 2015 చట్టమే చెబుతోంది. అంటే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తాడు. పెద్ద ఖైదీల మధ్య పదేళ్ళు గడిపి వచ్చినవాడు పక్కింట్లో అద్దెకు దిగితే మనం నిశ్చింతగా నిద్రపోతామా?

అమెరికా ఈ దారిలో ముందే నడిచింది. 1995లో జాన్ డియూలియో అనే ఆచార్యుడు జాలీ దయా లేని 'సూపర్ ప్రిడేటర్' కుర్రాళ్ళు దేశం మీద పడబోతున్నారని హెచ్చరించాడు. రాష్ట్రాలు పోటీలు పడి పిల్లల్ని పెద్దల కోర్టులకు పంపాయి. ఆ రాక్షసులు రానే లేదు, పిల్లల నేరాలు తగ్గుముఖం పట్టాయి. తన అంచనా తప్పిందని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ దేశపు ప్రజారోగ్య సంస్థ సీడీసీ తరఫున 2007లో నిపుణులు అప్పటి అధ్యయనాలన్నీ తిరగేసి, పెద్దల కోర్టుకు వెళ్ళిన పిల్లలే మళ్ళీ హింసకు ఎక్కువగా పాల్పడుతున్నారని తేల్చారు.

మన చట్టం అంత దూరం పోలేదు, అది మెచ్చుకోవాల్సిందే. పదహారు దాటినవాడి మీద కనీసం ఏడేళ్ళ శిక్ష పడే నేరం ఉంటే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు కొన్ని సంగతులు తూచాలి. నేరం చేసే మానసిక, శారీరక శక్తి వాడికి ఉందా, దాని పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు. వినడానికి బాగుంది. కానీ ఒక పిల్లవాడు ఫలానా రాత్రి ఏం ఆలోచించాడో వారాల తర్వాత గదిలో కూర్చోబెట్టి మాట్లాడి ఎవరు చెప్పగలరు? గురుగ్రామ్‌లో 2017లో ఏడేళ్ళ బాలుడి హత్య కేసు ఈ చిక్కుమీదే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2022లో కోర్టు ఇది ఎంతో సున్నితమైన పని అంటూ మార్గదర్శకాలు ఉండాలంది. ఆ కేసులో పోలీసులు మొదట పట్టుకున్నది స్కూలు బస్సు కండక్టర్‌ని. అతను నేరం ఒప్పుకున్నాడని కూడా ప్రకటించారు. తర్వాత సీబీఐ వచ్చి అతనికి సంబంధం లేదని తేల్చి, పదహారేళ్ళ విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. ఆ రెండు నెలలూ కండక్టర్‌ని ఉరి తీయాలన్నవాళ్ళు ఎంతమందో! మాండవ్యుణ్ణి పట్టుకున్న భటులకు కూడా ఆశ్రమంలో సొమ్ము కనిపించింది మరి.

ఇక పుణె. 2024 మే నెలలో పదిహేడేళ్ళ కుర్రాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్ని చంపేసింది. గంటల్లో బెయిలు వచ్చింది. రోడ్డు ప్రమాదాల మీద మూడు వందల పదాల వ్యాసం రాయమన్నది అందులో ఒక షరతు. దేశమంతా నవ్వి, ఏడ్చింది. రక్త నమూనా మార్చేశారన్న ఆరోపణ మీద ఆసుపత్రి వైద్యులు అరెస్టయ్యారు. ఈ కేసు చూపించి 'సంస్కరణ అంటే ఇదా' అని అడిగేవాళ్ళకు నా జవాబు, కాదు. అది డబ్బున్న ఇంటికి దొరికే సడలింపు. చేసిన పనికి ఎదురుగా కూర్చోబెట్టి, పోయినవాళ్ళ అమ్మానాన్నల బతుకు ఏమైందో తెలిసేలా చేసి, నెలల తరబడి వెంటపడి మార్చడం సంస్కరణ. కుర్రాడి నుంచి అది జైలు కంటే ఎక్కువే అడుగుతుంది. జైల్లో రోజులు లెక్కపెడితే చాలు.

అలాంటిది మన దగ్గర జరుగుతోందా అంటే తలదించుకోవాలి. బోర్డు కూర్చునే గది కోర్టులా ఉండకూడదు, ఎత్తు వేదిక, బోను ఉండకూడదు, పిల్లవాడికి బేడీలు వేయకూడదు అని నియమాల్లో ఎంతో ముచ్చటగా రాసుకున్నాం. ప్రొబేషన్ అధికారి ప్రతి పిల్లవాడి ఇంటికీ వెళ్ళి నివేదిక రాయాలి. ఇల్లెలా ఉంది, బడి ఎందుకు మానేశాడు, స్నేహితులెవరు, అలవాట్లేమిటి, అన్నీ అందులో ఉండాలి. నాకు తెలిసిన ఒక ప్రొబేషన్ అధికారి, "బడి ఎందుకు మానేశాడన్న గడి నింపుతుంటే సగం కేసు అక్కడే అర్థమైపోతుందండీ, ఆ గడి చదివేవాడే లేడు" అన్నాడు. ఆయన చేతిలో ఉన్న కేసుల కట్ట చూస్తే ఆయన మాత్రం ఎంతమంది ఇళ్ళు తొక్కగలడనిపించింది. ఆ కట్టలో ఖరీదైన కార్ల పిల్లలు లేరు. బైకు దొంగలు, ఫోన్ దొంగలు, గంజాయి పొట్లాలు మోసినవాళ్ళు. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1920లో, ఈ దేశంలో మొట్టమొదటి బాలల చట్టం మన నేలమీదే పుట్టింది. వందేళ్ళు దాటినా ఒక అధికారికి మోయగలిగినన్ని కేసులు ఇవ్వడం మనకు చేతకాలేదు. సంస్కరణ విఫలమైందనే మాట నేనందుకే ఒప్పుకోను. మొదలుపెట్టని పని విఫలం కాదు.

పదిహేడేళ్ళవాడి ఘోర నేరానికి మూడేళ్ళు చాలవంటే నేను వాదించను. ఇరవై ఒకటి దాకా ఉంచండి, ఆ తర్వాతా కనిపెట్టి ఉండండి. పెద్ద జైలుకు మాత్రం పంపకండి. జైలుకయ్యే డబ్బుతో ప్రొబేషన్ అధికారుల్ని వేయండి.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా మెకానిక్ షెడ్డో, టైలరింగ్ దుకాణమో, హోటలో ఉంటే ఒక మాట. ప్రత్యేక గృహం నుంచి బయటికొచ్చిన కుర్రాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసింది పని. బోర్డు చూసిన పాత కేసు వాళ్ళకు అనర్హత కాకూడదని చట్టంలోనే ఉంది, కనుక మీరు దాని గురించి అడగనక్కర్లేదు. జిల్లా బాలల సంరక్షణ అధికారిని కలవండి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగితే ఎక్కడుంటారో చెబుతారు.