అమ్మ కంచం



జనవరి 1న దేవమాత మహోత్సవంతో నూతన సంవత్సరంలో అడుగుపెట్టాము. మరియతల్లిని స్తుతించిన మనం ఇంట్లోని తల్లిని గమనిస్తున్నామా? జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో పొద్దు పొడవకముందే మిరప కోతకు వెళ్లే తల్లి అందరికీ పెట్టి మిగిలింది తింటుంది. కళ్లు తిరిగినా "అదే తగ్గుతుందిలే" అంటుంది. అది త్యాగమని మనం మెచ్చుకుంటాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

మార్కు సువార్త 5వ అధ్యాయం చదవండి. 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కోసం ప్రభువు దారిలో ఆగాడు. 12 ఏళ్ల యాయీరు కుమార్తెను బ్రతికించి, వెంటనే ఆమెకు భోజనం పెట్టమన్నాడు. ఆ మాట చెప్పింది ఇంటివారితోనే.

కనుక ఈ ఏటి తీర్మానం ఇంటిల్లిపాదిదీ కావాలి. అమ్మకు అందరితోపాటే వడ్డించండి. పప్పు, ఆకుకూర, గుడ్డు ఆమె కంచంలోనూ ఉండాలి. తిన్న వెంటనే టీ వద్దు. రక్తపరీక్ష చేయించండి, హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే డాక్టరుకు చూపించండి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు బి.పి., షుగరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఉచితం. జబ్బు ముదరకముందే వెళ్లాలి. భర్తలారా, మీరే వెంటబెట్టుకొని వెళ్లండి.

దేవమాత మన తల్లులందరి కొరకు ప్రార్థించునుగాక! ఆమెన్.