అరిగిన దేవత

క్రీ.శ. 140లో రోము చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ భార్య ఫౌస్టీనా కన్నుమూసింది. సెనేటు ఆమెను దేవతగా ప్రకటించింది. ఫోరంలో గుడి లేచింది. దాని స్తంభాలు నేటికీ ఒక చర్చి ముంగిట నిలిచి ఉన్నాయి. ఆమె పేర పేద ఆడపిల్లల పోషణకు ఏర్పాటు జరిగింది. ఆపైన ఆమె బొమ్మతో ఏళ్ల తరబడి నాణేలు ముద్రించారు. మన నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన ఫౌస్టీనా నాణెం బంగారుది. చింతనకు నేను ఎంచుకునేవి మాత్రం ఇత్తడి సెస్టెర్షియస్‌లు, రాగి ఆస్‌లు. బజారులో రొట్టెకూ కూరకూ చేతులు మారినవి అవే.

ఒకవైపు జడలు నడినెత్తిన చుట్టుకున్న ఫౌస్టీనా. తిప్పితే దేవత: ఒకదాని మీద దివిటీ పట్టిన ధాన్యమాత సెరిస్, మరోదాని మీద జూనో, ఇంకోదాని మీద శాశ్వతత్వమే స్త్రీరూపం దాల్చిన ఎటెర్నిటాస్. ముఖం ఒకటే, వెనుక రూపాలు అనేకం. లలితా సహస్రనామం చదివేవారికి ఇది పరిచితంగానే తోస్తుంది. తేడా కూడా ఉంది. అక్కడ పరాశక్తి నామాల్లోకి దిగివస్తుంది. ఇక్కడ మరణించిన ఒక ఇల్లాలు గుణాల్లోకి ఎక్కిపోతుంది. దేవత బొమ్మకు అటూ ఇటూ ఎస్, సి అనే రెండక్షరాలు, అంటే సెనేటు ఆజ్ఞ. ఆజ్ఞతో పేరు వస్తుంది. గుణం వస్తుందా?

గుణం వాడుకలో వచ్చిందని నా నమ్మకం. బాగా చలామణీ అయిన నాణెంలో ముందుగా చెంప అరుగుతుంది, చెవిపైని జుట్టు అరుగుతుంది, అంటే ఎత్తుగా ఉన్నదే పోతుంది. ఆ సెరిస్ ఎన్ని ఇళ్లకు ధాన్యమై చేరిందో! ముక్కూ కళ్లూ చెక్కుచెదరని నాణెం సాధారణంగా ఏ కుండలోనో దాగి, ఎవరి ఆకలీ తీర్చనిది. సాధనలో 'నేను' అరగడాన్ని నష్టమనుకునేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇందులోనే ఒక ప్రమాదం పొంచి ఉంది. క్రీ.శ. 260 తర్వాత గాల్ దేశాన్ని ఏలిన పోస్ట్యుమస్ అరిగిన పాత సెస్టెర్షియస్‌లను పోగుచేయించి, వాటి మీదే తన ముఖాన్ని ముద్రింపించాడు. కొన్నింటిలో కింది పాత ముఖపు గీత ఇంకా కనిపిస్తుంది, మనలో వాసనలు మిగిలినట్టు. ఏళ్ల తపస్సుతో నునుపైన మనసు మీద 'నేను సాధకుణ్ణి' అనే అచ్చు పడడానికి ఒక్క సమ్మెట దెబ్బ చాలు. ఆ కొత్త ముఖం పాతదానికంటే గట్టిగా ఉబ్బి ఉంటుంది.