అంకె వేసిన చేయి

మన సంఘం పెద్దలొకరి అమ్మాయి ఐర్లండులో పెరిగి, అక్కడే అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకుంది. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్టులోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంకులో, ప్రభుత్వాల జమాఖర్చులను పరిశీలించే విభాగంలో శిక్షణకు ఎంపికయింది. మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చి ఒక ప్రశ్న వేసింది. "అన్నయ్యగారూ, నేను నేర్చుకునేదాన్ని. పైవాళ్లు చెప్పిన అంకె వేసి లెక్క కడతాను. ఆ లెక్క తప్పయి ఎక్కడో ఎవరికో పింఛను తగ్గితే, ఆ పాపంలో నాకూ వాటా ఉంటుందా?"

తేలిగ్గానే అడిగింది. నాకు మాత్రం వెంటనే జవాబు తోచలేదు.

ఆ బ్యాంకు ప్రభుత్వాలకు నేరుగా అప్పివ్వకూడదని యూరపు ఒడంబడికలో 123వ అధికరణం చెబుతుంది. అయినా ప్రభుత్వాల లోటు ధరల మీద పడుతుంది కనుక, ఆ పద్దులు చూడక తప్పదు. చూడడం వేరు, ముందు ఏం జరుగుతుందో చెప్పడం వేరు. రెండోదానికి ఊహ కావాలి. ప్రభుత్వం ఒక యూరో ఖర్చు తగ్గిస్తే దేశపు ఉత్పత్తి ఎంత తగ్గుతుంది? దీన్నే గుణకం అంటారు. 2010లో గ్రీసుకు 110 బిలియన్ యూరోల సహాయం ప్రకటించి, బదులుగా పొదుపు చేయమన్న రోజుల్లో, సంపన్న దేశాల విషయంలో ఈ గుణకం సుమారు 0.5 అన్న అంచనా చెలామణిలో ఉంది. అసలు అది 0.9 నుంచి 1.7 దాకా ఉండి ఉంటుందని 2012లో అంతర్జాతీయ ద్రవ్యనిధివారే రాశారు. గ్రీసు తన లోటును అంతకు ముందు తక్కువ చేసి చూపిన మాటా నిజమే, దాన్ని దాచనక్కరలేదు. కాని 2013 నాటికి అక్కడ పనిచేయగోరే ప్రతి నలుగురిలో ఒకరికి మించి పని లేదు.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న ఆసుపత్రిలో ఒక రాత్రి, పెద్ద డాక్టరుగారు నోటితో చెప్పిన మందు మోతాదును కేస్ షీటులో ఎక్కించాను. చిన్నపిల్లకు డిజాక్సిన్. రాస్తుండగానే దశాంశ బిందువు తప్పుచోట ఉందనిపించింది. అడగలేదు. ఆయన అనుభవమెంత, నాదెంత! ఒక సిస్టరుగారు మాత్రం, మళ్లీ కనుక్కుంటే గాని ఇవ్వనన్నారు. ఆయన ఆవిడ మీద కేకలేసి, ఆ తర్వాత అంకె దిద్దారు. పిల్ల బతికింది. అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు.

మాకున్న భాగ్యం ఒకటుంది. తప్పు చేస్తే తెల్లవారేసరికి మంచం మీద కనిపిస్తుంది. ఫ్రాంక్‌ఫర్టు బల్ల మీద ఏథెన్సు మందుల షాపు కనపడదు. అందుకే ఆ అమ్మాయి అడగవలసిన అవసరం నాకంటే ఎక్కువ.

అడిగినవాడు ఒకడున్నాడు. అప్పు జాతీయోత్పత్తిలో 90 శాతం దాటితే పెరుగుదల పడిపోతుందని రైన్‌హార్ట్, రోగాఫ్ అనే పండితులు 2010లో రాశారు. పొదుపు కావాలన్న మంత్రులకు అది చేతికర్ర అయింది. ఆమ్‌హర్స్ట్‌లో చదువుకుంటున్న థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసు అభ్యాసం కోసం ఆ లెక్క మళ్లీ వేయబోతే కుదరలేదు. లెక్కల పట్టీ పంపమని వారినే అడిగాడు. పంపారు. సగటులో అయిదు దేశాల వరుసలు కలవనే లేదు! 2013లో ఇది బయటపడింది. వరుసలు జారిన దోషం చిన్నదే, దేశాలకు తూకం వేసిన తీరులో పెద్ద పేచీ ఉంది. వారు వరుసల తప్పు ఒప్పుకుని, తమ సిద్ధాంతాన్ని మాత్రం వదల్లేదు. ఏమైనా, అడిగినది విద్యార్థి, పట్టీ ఇచ్చినది పెద్దలు. ఇద్దరికీ మర్యాద దక్కాలి.

కనుక ఆ అమ్మాయితో ఇలా అన్నాను: "ఫలితానికి నువ్వు పూచీ కాదమ్మా. కాని ఊహ అని తెలిసి కూడా దాన్ని నిజమన్నట్టు టైపు చేస్తే, ఆ వరుసకు నువ్వే పూచీ. ఆ అంకె ఎక్కడిదని అడుగు. చెప్పకపోతే, అది ఊహ అని పక్కన రాయి."

"పెద్దాయన కోప్పడితే?" అంది.

కోప్పడతారేమో. సిస్టరుగారి మీద మా పెద్దాయన కోపం రెండు రోజులుంది. మూడోనాడు ఆవిడకు ఆయనే కాఫీ తెప్పించారు. నాతో మాత్రం ఏమీ అనలేదు, నేను అడగలేదని ఆయనకు తెలియదు గనుక.