చిల్లరలో దొరికిన సొమ్ము

1955లో అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చుదిమ్మె లోపం వల్ల కొన్ని సెంట్ల మీద అంకెలూ, అక్షరాలూ రెండేసిసార్లు పడ్డాయి. అటువంటివి 20,000కు పైగా జనంలోకి వెళ్లాయి. యంత్రాల్లో అమ్మే సిగరెట్ పెట్టెలకు చిల్లరగా అంటించినవీ వాటిలో ఉన్నాయి. ఈనాడు మంచి స్థితిలో ఉన్నది 1,000 డాలర్లకు పైనే పలుకుతుంది. అందుకే ఇక్కడ చాలామంది చిల్లర వెతుకుతుంటారు.

అటువంటి నాణెం దొరికితే అది న్యాయంగా మనదేనా? కొట్టువాడిచ్చిన చిల్లరలో వస్తే మనదే. చూసే అవకాశం అతనికీ ఉంది, మనకూ ఉంది. ఓపికగా చూసినవాడికి ఫలం దక్కింది.

కాని, తెలిసిన పెద్దావిడ ఒకరు తన చిల్లర డబ్బా తెచ్చి, "లెక్కపెట్టి నోట్లు ఇయ్యి నాయనా" అంటే? ఆ సెంటుకు సెంటే ఇచ్చి ఊరుకుంటే లెక్క సరిపోతుంది గాని న్యాయం సరిపోదు. ఆవిడ డబ్బాతోపాటు తన నమ్మకాన్నీ మన చేతిలో పెట్టింది. అక్కడ మౌనం దొంగతనమే.

డాక్టర్లుగా, ఇంజనీర్లుగా మన దగ్గరకు వచ్చేవారు మన తెలివిని నమ్మే వస్తారు. వారికి తెలియనిది మనకు తెలిసినప్పుడు ఆ లాభం ఎవరిది? ఈ ప్రశ్న మన పిల్లలతో కూడా మాట్లాడవలసినది.