ఆట పాటలో పరలోక ప్రార్థన

మొన్న సెలవులకు లింగసుగూరు వచ్చిన మా పిల్లవాడు ఫోనులో ఒక కచేరీ చూపించాడు. పెద్ద వాద్యబృందము, వెనుక గాయకబృందము, వాయించేదేమో వీడియో ఆటల్లోని సంగీతము! ఇట్టి కచేరీలు జపానులో 1987లోనే జరిగినవి, 2003లో జర్మనీలోని లైప్‌జిగ్‌కు వచ్చినవి. ఆటలకు ఇంత ఆర్భాటమా అని మేము నవ్వుకొన్నాము.

అంతలో "బాబా యేతు" మొదలైంది. 2005లో వచ్చిన "సివిలైజేషన్ 4" అనే ఆటకు అమెరికా స్వరకర్త క్రిస్టొఫర్ టిన్ కూర్చిన పాట అది. 2011లో గ్రామీ బహుమతి పొందింది; ఆటల సంగీతానికి అదే మొదటిది. భాష తూర్పు ఆఫ్రికావారి స్వాహిలి. అర్థమడిగితే, పరలోక ప్రార్థనే అన్నాడు పిల్లవాడు.

మా నవ్వు ఆగింది. తల వంచాలా, ఊరకే వినాలా? పాట ముగియగానే సభంతా చప్పట్లు. ప్రార్థనకు చప్పట్లేమిటని మనసు నొచ్చుకొంది. అయితే మన సంగతేమిటి? ప్రతి ఆదివారము అదే ప్రార్థనను తెలుగులో ఒక్క గుక్కలో అప్పజెప్పుతాము. సగములోనే పొయ్యి మీది కూర గుర్తుకొస్తుంది. ఇక్కడ మాత్రం, రాని భాషలో, ఏ మాట ఎక్కడుందోనని చెవి నిలిపి విన్నాము. కన్నడ సంతలో ఎవరో తెలుగు మాట్లాడితే ఆగిపోతామే, అట్లాగు. ఆ పాడినవారిలో ఎందరు నమ్మి పాడారని అడగబోయి ఊరుకొన్నాము.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లవాడు పరలోక ప్రార్థన మెల్లగా చెప్పాడు. మేమూ వాడి వెంట మెల్లగానే చెప్పాము.